మల సూక్ష్మజీవుల మార్పిడి

ఆరోగ్యవంతుని మలంలోని సూక్ష్మజీవులను రోగి పేగులలో ప్రవేశపెట్టి చేసే చికిత్సను మల సూక్ష్మజీవుల మార్పిడి అంటారు. వినడానికి ఏవగింపు కలిగించినా, మందులకు లొంగని ఒక వ్యాధిలో ఇది ప్రాణాలు నిలిపింది.

పనిచేసే విధానం

పెద్దపేగులోని మేలుచేసే బాక్టీరియాలు చోటును, ఆహారాన్ని ఆక్రమించుకొని హానికర జీవులను పెరగనీయవు. యాంటీబయోటిక్ మందులు రోగక్రిములతోపాటు వీటిని కూడా చంపుతాయి. అప్పుడు క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా విజృంభించి తీవ్రమైన విరేచనాలు కలిగిస్తుంది. దీని సిద్ధబీజాలు మందుకు చావవు కనుక వ్యాధి తిరగబెడుతుంది. పోయిన బాక్టీరియాలను తిరిగి నెలకొల్పడమే ఈ చికిత్స లక్ష్యం. పెరుగులోని బాక్టీరియాలు సాధారణంగా పేగులో స్థిరపడవు. పెరుగన్నం మంచి ఆహారమే గాని దీనికి బదులు కాదు.

చరిత్ర

1958లో అమెరికాలోని డెన్వర్ నగరంలో బెన్ ఐస్‌మన్ బృందం నలుగురు రోగులకు ఈ పద్ధతిలో నయం చేసింది. 2013లో ప్రచురితమైన నెదర్లాండ్స్ పరిశోధనలో 16 మందిలో 13 మందికి మొదటి విడతలోనే గుణం కనిపించింది. వాంకోమైసిన్ మందు మాత్రమే వాడిన 13 మందిలో నలుగురికే నయమైంది. అయితే దాత మలం నుండి మొండి ఇ.కోలై సోకి ఒక రోగి మరణించినట్లు 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. ఆ మలాన్ని అటువంటి క్రిముల కోసం ముందుగా పరీక్షించలేదు. ఇంటివద్ద ఈ ప్రయోగం ఎంతమాత్రం తగదు. 2022లో ఈ కోవకు చెందిన తొలి ఔషధానికి అదే సంస్థ అనుమతినిచ్చింది.

భారతదేశంలో

లూధియానాలోని దయానంద్ వైద్య కళాశాల వైద్యులు పెద్దపేగు పుండ్ల వ్యాధికి (అల్సరేటివ్ కొలైటిస్) దీనిని ప్రయోగించారు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు 2018లో యువియైటిస్ అనే కంటివాపు రోగుల పేగులలో వాపును అణచే బాక్టీరియాలు తక్కువగా ఉన్నట్లు గుర్తించారు. ఆ కొరత వ్యాధికి కారణమో, ఫలితమో ఇంతమాత్రాన తేలదు.