పల్లెలో ఇంటిబడి

హాజరుపట్టీలో ఒక విద్యార్థి పేరునకు ఎదురుగా వరుసగా గైరుహాజరు పడుచుండిన యెడల ఉపాధ్యాయులమగు మాకు మూడు కారణములు తోచును: జ్వరము, పొలముపని, లేక తలిదండ్రులు కూలికై వేఱుచోటికి పోవుట. నాలుగవ కారణ మొకటి యుండగలదని మేము తలపలేదు. ఇంటనే చదువు చెప్పుకొనుటకై బిడ్డను బడి మాన్పించుట యనునది పట్టణములలోని ధనవంతులకును, సముద్రముల కావలి దేశములవారికిని చెందిన ముచ్చట యని యెంచియుంటిమి. తిరువూరునకు కొన్ని మైళ్ల దూరమున, కట్టలేరు వాగునకు ఈవల, మామిడితోట నడుమ అట్టి కుటుంబ మొకటి యున్నదని 2022 జనవరిలో కన్నులార చూచితిమి. ఆ యింటి దినచర్య యెట్టిదో, అది యెవరికి సాధ్యమో, ఎవరికి కాదో మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపదలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆ యింటి పెద్ద కుమారుడు పూర్వము మా విద్యార్థియే. ఆఱవ తరగతిలో నుండగా వాడు పైకి చదువుటలో మిక్కిలి తడబడెడివాడు. అభ్యాసమువలన తడబాటు పోవునని యెంచి మేము వానిని దినదినమును తరగతి యెదుట నిలువబెట్టి పాఠము చదివించితిమి. తోటి బాలురు నవ్వెడివారు. వారిని మందలించితిమో లేదో ఇప్పుడు మాకు జ్ఞాపకము లేదు. జ్ఞాపకము లేకపోవుటయే మా తప్పును తెలుపుచున్నది. 2020 మార్చిలో కొవిడు వ్యాధి మూలమున దేశమంతటను బడులు మూతబడెను. అవి మరల తెఱవబడినప్పుడు తక్కినవారందఱు వచ్చిరి గాని వాడు రాలేదు. కబురులు పంపితిమి, ప్రత్యుత్తరము మర్యాదగానే వచ్చుచుండెను, బాలుడు మాత్రము రాడాయెను. కడకు వానిని వెంటబెట్టుకొని వచ్చెదమనియు, తలిదండ్రులకు నాలుగు మాటలు గట్టిగా చెప్పెదమనియు నిశ్చయించుకొని, రెండవ శనివారపు సెలవునాడు, వారు తోటలోనికి పోకమునుపే చేరవలెనని చీకటితోనే బయలుదేరితిమి.

మేము చేరునప్పటికి గేదెల పాలు పితుకుట ముగిసినది. వసారాలో చాప పఱచియుండెను. నాయనమ్మ గోడకు చేరగిలబడి కూర్చుండగా మనుమడు ముందటి దినపు వార్తాపత్రికను పైకి చదువుచుండెను. ఆమెకు కంటిచూపు తగ్గినది. తిరువూరు బజారునుండి తండ్రి సాయంకాలము తెచ్చిన పత్రికను మరునాడు తెల్లవారుజామున ఆమెకు వినిపించుట ఆ యింటిలో వానికి నియమింపబడిన పని. మేము గుమ్మమువద్దనే నిలిచి వింటిమి. వాడు తడబడుచునే యుండెను, అయినను ఆపలేదు. ఒక పెద్ద మాటవద్ద చిక్కుకొనగా ఆ ముసలమ్మ, “నిదానంగా చెప్పు నాయనా, నాకేమి తొందర” అనెను. వాడా మాటను విడదీసి, మరల కూర్చి, ముందునకు సాగెను. మిరపధర యెట్లున్నదో తెలిసికొనవలెనని ఆమెకు నిజముగా ఆత్రము. తాను చదువునది ఒకరికి కావలసియున్నదని వానికి తెలియును. మా తరగతిలో వాడు చదివిన పాఠము అందఱి యెదుటను తెఱచియే యుండెను గదా, అది వాని నోట వినవలసిన అవసరము ఎవ్వరికున్నది? మేము చెప్పదలచి తెచ్చుకొన్న నాలుగు మాటలును ఆ గుమ్మమువద్దనే నిలిచిపోయెను.

ఆ యింటిలో గంట మ్రోగదు గాని క్రమము లేదని తలపరాదు. ఏడు గంటలు మొదలు తొమ్మిది వఱకు తల్లి యెదుట చదువు. ఆమె ఉపాధ్యాయ శిక్షణ పొందినది. ఉద్యోగము దొరకలేదు, పిదప వెదకుట మానుకొన్నది. తెలుగును ఆంగ్లమును దినము విడిచి దినము. తక్కిన విషయములకు ప్రభుత్వపు పాఠ్యపుస్తకములే ఆధారము. తొమ్మిదింటికి చద్దియన్నము తిని పెద్దవాడు తండ్రితో తోటలోనికి పోవును. నడిమి బాలిక, పదేండ్లది, కోళ్లను విడిచి, పెరటి మడులకు నీరు కట్టి వచ్చి పద్దుల పుస్తకము తీయును. ఇంటికి వచ్చిన ప్రతి రూపాయియు, పోయిన ప్రతి రూపాయియు వ్రాయునది ఆమెయే. పాలలో వెన్నశాతము మారినప్పుడు ధర యెట్లు మారునో పాలకేంద్రపు చీటీలు చూపి ఆమె మాకు వివరించెను. ఆ శాతములకడ మా పెద్ద తరగతులవారే తికమకపడుట మేమెఱుగుదుము.

మధ్యాహ్న భోజనమైన పిమ్మట పెద్దలు కునుకు తీయుదురు, పిల్లలు తమకు తోచినది చేయుదురు. ఈ తోచినది చేయు గంటలు మాకు మొదట నచ్చలేదని ఒప్పుకొనవలెను. ఆనాడు ఐదేండ్ల చిన్నవాడు చీమలబారు వెంట ప్రాకుచు గడ్డివామి వఱకు పోయి, అవి యెక్కడ పుట్టుచున్నవో కనుగొని వచ్చి, నిద్రించుచున్న తల్లిని లేపి చెప్పెను. ఆమె విసుగుకొనక లేచిపోయి చూచెను. మేమైనచో విసుగుకొనియుందుము.

గణితమును తండ్రి చెప్పును. ఆయన పద్ధతి యేమో చూచెదమని మేమును తోటలోనికి పోయితిమి. చెట్లప్పుడు పూతమీద నుండెను. చెట్టునకు చెట్టునకు నడుమ పదునొకండు గజముల ఎడము. పెద్దవాని కాయన యిచ్చిన లెక్క యిది: ఎకరమునకు ఎన్ని చెట్లుండవలెను? ఒక్కొక్క చెట్టునకు 11ని 11తో హెచ్చింపగా 121 చదరపు గజముల చోటు; ఎకరమునకు 4,840 చదరపు గజములు; భాగింపగా సరిగా 40. మేమైనచో అక్కడ ఒక సరిగుఱుతు పెట్టి వేఱొక లెక్కకు పోయియుందుము. ఆ తండ్రి, “సరే, ఇప్పుడు ఎంచి చూడు” అనెను. ఎంచగా చెట్లు 34 మాత్రమే యుండెను. మిగిలిన ఆఱును ఏమాయెను? బాలుడు తాడు పట్టుకొని రెండు దినములు తిరిగెనట. ఆఱు చెట్ల చోటు 726 చదరపు గజములు, అనగా పదునైదు సెంట్లు. ఆ పదునైదు సెంట్లను బావియు, దాని గట్టును, బండిబాటయు తీసికొన్నవని కొలిచి తేల్చెను. ఆ కొలతల కాగితము మాకు చూపించునప్పుడు వాని నోట ఒక్క తడబాటైనను లేదు. వైశాల్యమును గూర్చిన పరీక్షలో ఇదే బాలునికి మేము సున్న వేసియుంటిమి.

ఇంటిచదువు మన దేశమునకు క్రొత్తది కాదు. 1822లో చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానియందలి విద్యాస్థితిని విచారింపుడని కలెక్టరులను ఆజ్ఞాపించెను. చెన్నపట్టణపు లెక్కలో బడులకు పోవువారు 5,523 మంది, ఇండ్లలో చదువుకొనువారు 26,963 మంది యని తేలెను. ఆ చిన్నవాడు పళ్లెములోని యిసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుటను మేము చూచితిమి. ఈ పద్ధతి మన వీధిబడులదే. ఆండ్రూ బెల్ అను దొర చెన్నపట్టణపు అనాథ బాలుర శాలలో దీనిని ప్రవేశపెట్టి, 1797లో ప్రకటించిన పుస్తకము ద్వారా ఇంగ్లండునకు తెలియజేసెను.

మనకు మిక్కిలి సమీపమున నున్న దృష్టాంతము భండారు అచ్చమాంబగారు. ఈమె 1874లో మునేటి యొడ్డుననున్న పెనుగంచిప్రోలులో జన్మించెను. తిరువూరును ఆ గ్రామమును నేడు ఒకే ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి. ఈమె బడి గడప త్రొక్కలేదు. చిన్ననాటనే పెండ్లియాయెను. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తన యింట నుండి చదువుకొనుచుండగా, ఆయన ప్రక్కన కూర్చుండి తానును నేర్చుకొనెను. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ మొదలగు భాషలును అభ్యసించి, 1901లో “అబలా సచ్చరిత్ర రత్నమాల” యను స్త్రీల చరిత్రమును ప్రకటించెను. 1902లో మచిలీపట్టణమున స్త్రీసమాజమును స్థాపించెను. ముప్పదియొకటవ యేట, 1905లో, మరణించెను. ఈ చరిత్రమును ఇంటిచదువునకు పొగడ్తగా చెప్పువారు కలరు. మేము మఱియొక సంగతి చూచుచున్నాము: ఆ యింటిలో బడికి పోయివచ్చు తమ్ముడొకడు లేకుండిన, ఆమెకు అక్షరములు ఎవరు తెచ్చి యిచ్చియుందురు? ఆ కాలపు ఇతర బాలికల యిండ్లలో అట్టి తమ్ములు ఎందఱు?

సువార్తికులైన వెస్లీ సోదరుల తల్లి సుసన్నమ్మగారి ఇంటిబడిని మా విద్యార్థులు వినియుందురు. ఇంగ్లండులోని ఎప్‌వర్తు అను పల్లెలో ఆమె తన బిడ్డలకు ఉదయము మూడు గంటలు, మధ్యాహ్నము మూడు గంటలు తానే చదువు చెప్పెను. అయిదేండ్లు నిండిన మరునాడు అక్షరమాల ప్రారంభము, ఆ దినముననే ముగింపు. ఇద్దఱు కుమార్తెలకు మాత్రము దినమున్నర పట్టినది. వారిని మందబుద్ధులని మొదట తలచితిననియు, తక్కిన పిల్లలకు ఎంతకాలము పట్టునో చూచిన పిదప ఆ యభిప్రాయమును మార్చుకొంటిననియు ఆమె 1732లో తన కుమారునికి వ్రాసిన లేఖలో తెలిపెను. ఈ లేఖను మేము శిక్షణ కళాశాలలోనే చదివితిమి. దాని యర్థము మాత్రము ఆ మామిడితోటలో తెలిసెను.

ఇట్లు చేయుట చట్టసమ్మతమా యని తలిదండ్రులు కొందఱు మమ్ము అడుగుచున్నారు. 2002లోని 86వ సవరణమువలన ఆఱు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు ఉచిత విద్య ప్రాథమిక హక్కాయెను. ఆ సవరణమే తలిదండ్రులకు ఒక విధి నేర్పఱచినది: బిడ్డకు విద్యావకాశములు కలుగజేయుట. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టములోని పదవ సెక్షను మాత్రము బిడ్డను సమీపపు బడిలో చేర్పించుట తలిదండ్రుల విధి యని చెప్పుచున్నది. చేర్పింపనివారికి ఆ చట్టము శిక్షగాని జరిమానాగాని విధింపలేదు. “నిర్బంధ” మను మాట ముఖ్యముగా ప్రభుత్వమును నిర్బంధించునదియే. ఇంగ్లండులో 1944నాటి చట్టమే, బడిలోగాని మఱియొక విధమునగాని చదువు చెప్పింపవచ్చునని స్పష్టముగా తలుపు తెఱచి యుంచినది. జర్మనీలో అట్టి తలుపు లేదు, బడికి పంపియే తీరవలెను. మన దేశమున పరీక్షకు మార్గము సార్వత్రిక పాఠశాలలు. కేంద్రప్రభుత్వపు సంస్థ 1989లోను, మన రాష్ట్రపు సార్వత్రిక విద్యాపీఠము 1991లోను ఏర్పడెను. పదునాలుగేండ్లు నిండినవారు వానియందు నమోదు చేసికొని పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును, తెలుగులోనే వ్రాయవచ్చును.

ఇంతమాత్రమున ఎవరైనను పిల్లలను బడి మాన్పించినచో మేము సంతోషింపము. ఆ యింటిలో శిక్షణ పొందిన తల్లి యున్నది, దినమంతయు ఇంటిపట్టున నుండు తండ్రి యున్నాడు, సొంత తోట యున్నది, నాయనమ్మ యున్నది. అట్లుండియు ఆ తల్లికి తనదని చెప్పుకొనుటకు గంటయైనను మిగులదు. ఆమెయే ఆ మాట నవ్వుచు చెప్పెను, నవ్వు కొంత అలసటగా నుండెను. రసాయనశాస్త్రపు ప్రయోగములు లేవు. ఆంగ్లోచ్చారణము తల్లి యెఱిగినంతయే. ఇక మిరపకోతలకు ఊరూర తిరుగు కూలివారి బిడ్డ ఇంటనుండిన అది ఇంటిబడి కాదు, కూలియే. మా తల్లి అక్షర మెఱుగదు. మిషను బడివారు మమ్ము వసతిగృహములో చేర్చుకొనకుండినయెడల మేమును నేడు ఏ మిరపచేలోనో వంగియుందుము. తోటలో ఆ తండ్రితో ఈ సంగతి చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, “మాకు వీలైంది మాస్టారూ, అందరికీ వీలవుతుందని నేనెక్కడా చెప్పను” అనెను.

బాలుని బడికి రమ్మని ఆనాడు మేము అడుగలేదు. వానియెదుట మా తప్పును మాత్రము ఒప్పుకొంటిమి. వాడేమియు అనలేదు; కాలిబొటనవ్రేలితో మట్టిని గీచుచు నిలిచెను. మాతో బాటవఱకు వచ్చినది ఆ బాలిక. “మీ బడిలో ఆరో తరగతి ఆడపిల్లలు ఎంతమంది ఉంటారండీ?” అని యడిగెను. ఇరువది యేడుగురని చెప్పితిమి. అందఱును ఒకేసారి ఆడుకొందురా యని మరల అడిగెను. తమ్మునితోను అన్నతోను తప్ప ఆడుకొనుటకు ఆ తోటలో ఆమెకు తోడు లేదు. ఇది ఆ తలిదండ్రులకును తెలియును, ఆ రాత్రియే వారిద్దఱు దీనిని గూర్చి మాటలాడుకొనిరని తరువాత వింటిమి.

ఆ సంవత్సరము బడులు తెఱచినప్పుడు తల్లి ఆమెను తీసికొనివచ్చి ఆఱవ తరగతిలో చేర్పించెను. పెద్దవాడు ఇంటనే యుండి సార్వత్రిక పరీక్షకు చదువుకొనెను. చెల్లెలు వారమునకొక పుస్తకము మా గ్రంథాలయమునుండి అన్నకు తీసికొనిపోవుచుండెడిది. పుస్తకములు గడువు దాటి వచ్చుచున్నవని గ్రంథాలయపు బాధ్యత చూచు సహోపాధ్యాయులు మాతో రెండుమారులు ఫిర్యాదు చేసిరి. ఆమెను పిలిచి యడుగగా, కడపటి పుటవఱకు నాయనమ్మకు చదివి వినిపింపనిదే అన్న యీయడని చెప్పెను.