మన్యసీమ ఆడుపడుచులు: భద్రాచలము లోక్‌సభ నియోజకవర్గ చరిత్ర

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని మనలో సామెత కలదు. ఇంటిలో అమ్మ నడుగుటకు మధ్యవర్తి యక్కఱలేదు. కాని ఊరికి బాటయో, బడియో, వైద్యశాలయో కావలెనన్నచో సభలో మన తరపున నిలిచి యడుగువా రొకరుండవలెను. వారిని ఎన్నుకొనుటకై దేశమును భాగములుగా విభజించుదురు. అట్టి భాగమునకే నియోజకవర్గమని పేరు. మనుష్యులకువలెనే వీనికిని పుట్టుటయు గిట్టుటయు కలవు. 1967లో పుట్టి, 2008లో పటమునుండి తొలగిపోయిన భద్రాచలము లోక్‌సభ నియోజకవర్గమును గూర్చి మా సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి. భద్రాద్రి రాముని దర్శించినవారు మనలో పెక్కుమంది కలరు. కాని యా పేరుగల నియోజకవర్గము స్త్రీలవిషయమున చూపిన విశేషమును ఎఱిగినవారు కొలదిమందియే.

ఆ నియోజకవర్గము సామాన్యమైనది కాదు. గోదావరి యొడ్డుననున్న భద్రాచలము, బూర్గంపహాడులు మొదలు, తూర్పుగోదావరి మన్యములోని ఎల్లవరము మీదుగా, విశాఖపట్టణము జిల్లా కొండలలోని చింతపల్లి, పాడేరులవఱకు అది వ్యాపించియుండెను. ఏటి యొడ్డున కోయలు, కొండరెడ్లు; కొండలపైని బగతలు, కొండదొరలు, వాల్మీకులు. చింతపండు, తేనె, అడ్డాకులు, ఇప్పపువ్వు సేకరించి, తట్టల కెత్తుకొని వారపు సంతకు నడచివచ్చు స్త్రీలు ఆ సీమయంతటను కానవత్తురు. 1922లో అల్లూరి సీతారామరాజు తన యనుచరులతో ముట్టడించిన చింతపల్లి పోలీసు ఠాణా ఆ సీమలోనిదే.

ఇట్టి ప్రదేశమునకు సభలో నోరుండుట యెంత యాలస్యముగా సంభవించినదో చూడుడు. 1839వ సంవత్సరపు చట్టము గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలను సాధారణ న్యాయపాలనమునుండి వేరుచేసి, కలెక్టరునే ఏజెంటుగా నిలిపినది. ఏజెన్సీ యను మాట యట్లు పుట్టినదే. దాదాపు నూఱేండ్ల పిమ్మట, 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము మద్రాసు శాసనసభకు 215 స్థానముల నేర్పరచినపుడు, స్త్రీలకు 8 స్థానములును, వెనుకబడిన జాతుల కొక్క స్థానమును ఇచ్చినది. పైగా ఆస్తి, పన్ను, చదువులను బట్టి వోటుహక్కు లభించు దినములవి. కొండమీది గుడిసెలోని స్త్రీకి వోటెక్కడిది?

స్వతంత్ర భారత రాజ్యాంగము ఈ యడ్డుగోడలను తొలగించినది. 1952 నాటికి వయస్సు వచ్చిన ప్రతి స్త్రీకిని వోటు లభించెను. షెడ్యూలు తెగలకు లోక్‌సభలో ప్రత్యేక స్థానములుండవలెనని 330వ అధికరణము నిర్ణయించినది. ఆ యధికరణము ననుసరించియే, 1967 ఎన్నికలలో భద్రాచలము గిరిజనులకు ప్రత్యేకింపబడిన స్థానముగా కనబడినది.

ఇక ముఖ్యవిషయమునకు వత్తుము. ఆ స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినదే కాని, స్త్రీలకు ప్రత్యేకింపబడినది కాదు. పురుషులు నిర్భయముగా పోటీచేయవచ్చును, చేసిరి కూడను. అయినను 1967లో కాంగ్రెసు పక్షమున బి. రాధాబాయి ఆనందరావు గెలిచిరి. 1971లోను, 1977లోను, 1980లోను ఆమెయే గెలిచిరి. వరుసగా నాలుగు పర్యాయములు ఒక గిరిజనస్త్రీని ఆ మన్యము ఢిల్లీకి పంపినది. అందు 1977వ సంవత్సరము గమనింపదగినది. ఆ యేట దేశమంతటినుండియు లోక్‌సభకు ఎన్నికైన స్త్రీలు 19 మంది మాత్రమే. మహానగరములు, చదువుకొన్న జిల్లాలు స్త్రీలను మఱచిన ఆ దినములలో, బాటలైన సరిగాలేని కొండసీమ మఱువలేదు.

1984లో భారత కమ్యూనిస్టు పక్షమునకు చెందిన సోడె రామయ్య గెలిచిరి. 1989లో మరల స్త్రీ, కర్రెద్దుల కమలకుమారి, 1991లోను ఆమెయే. 1996, 1998లలో తిరిగి సోడె రామయ్య. 1999లో తెలుగుదేశము పక్షమున దుంప మేరీ విజయకుమారి. 2004లో మార్క్సిస్టు పక్షమునకు చెందిన మిడియం బాబూరావు. ఇంతటితో ఆ నియోజకవర్గపు కథ ముగిసినది.

లెక్కించి చూడుడు. 11 ఎన్నికలు, అందు 7 పర్యాయములు స్త్రీలే గెలిచిరి. వారు ఒక్కరు కారు, ముగ్గురు. ఒక్క పక్షమువారును కారు, రెండు పక్షములవారు. కావున ఇది యొక వ్యక్తి పలుకుబడివలన జరిగిన వింతయని త్రోసివేయుటకు వీలులేదు. స్త్రీ నిలబడినచో వోట్లు పడవనియు, సమర్థురాండ్రు దొరకరనియు పక్షనాయకులు చెప్పుట మనము వినుచునే యున్నాము. ఇంట గెలిచి రచ్చ గెలువవలె నందురు. భద్రాచలము స్త్రీలు రచ్చయందును గెలువగలమని చూపిరి. వారిని గెలిపించినవారిలో పురుషులును ఉండిరని మఱువరాదు.

ఐతే ఒక్క సత్యమును దాచరాదు. స్త్రీ ప్రతినిధి యున్నంతమాత్రమున కష్టములన్నియు తీరవు. గోదావరి వఱదలు ఆ సీమను విడువలేదు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులు దాటినది. మూడవ ప్రమాదసూచిక 53 అడుగులకే యెగురవేయుదురన్నచో, ఆ నీరు ఎన్ని వంటయిండ్లను ముంచియుండునో గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

నియోజకవర్గము ఎట్లు పోయినది? 2002వ సంవత్సరపు చట్టము ననుసరించి యేర్పడిన విభజన సంఘము, 2001 జనగణనను ఆధారముగా గైకొని సరిహద్దులను తిరుగ వ్రాసినది. 2008లో ఆ యుత్తరువులు అమలులోనికి వచ్చినవి. భద్రాచలము, పార్వతీపురము అను రెండు గిరిజన స్థానములును అంతరించి, ఆదిలాబాదు, మహబూబాబాదు, అరకు అను మూడు గిరిజన స్థానము లేర్పడినవి. లెక్కకు ఇది లాభమే. కాని ఉమ్మడి యిల్లు వేరుపడినట్లు పాత భద్రాచలము చీలిపోయినది. భద్రాచలము, బూర్గంపహాడు ప్రాంతములు మహబూబాబాదులో కలిసినవి. పాడేరు, చింతపల్లి, ఎల్లవరము ప్రాంతములు పాలకొండవఱకు వ్యాపించిన అరకులో చేరినవి.

అంతటితోనైన ఆగలేదు. 2014లో రాష్ట్రము విడిపోయినపుడు, పోలవరము జలాశయపు ముంపునకు గురియగు మండలములను తెలంగాణమునుండి ఆంధ్రప్రదేశమునకు మార్చిరి. భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలువగా, దాని ప్రక్కనే యున్న ఎటపాక ఆంధ్రలోనికి పోయినది. ఆ యేడు ఏప్రిలులో మహబూబాబాదు స్థానమునకు వోటు వేసిన కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము స్త్రీలు, 2019లో అరకు స్థానమునకు వోటువేసిరి. కుక్కునూరు, వేలేరుపాడు స్త్రీలు ఏలూరు స్థానమునకు వోటువేసిరి. ఇల్లు కదలలేదు, పొయ్యి కదలలేదు. నియోజకవర్గము మాత్రము కదలినది. ముంపువలన ఊరు విడువవలసిన కుటుంబములవారు తమ గోడు చెప్పుకొనుటకు పాత ప్రతినిధి ద్వారము కాదని క్రొత్త ద్వారమును వెదకుకొనవలసివచ్చెను. పటముమీద గీచిన గీత యొకటి సామాన్యుల బ్రతుకునందు ఎంతపని చేయునో దీనివలన తెలియగలదు.

అయినను పుట్టింటి గుణము కొంత నిలిచినది. అరకు స్థానమునుండి 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మ తనూజారాణి వరుసగా గెలిచిరి. మహబూబాబాదునుండి 2019లో మాలోత్ కవిత గెలిచిరి. లోక్‌సభయందును శాసనసభలయందును మూడవవంతు స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపవలెనని 2023లో రాజ్యాంగసవరణ జరిగినది; దాని యమలును జనగణనతోను, పిమ్మట జరుగు విభజనతోను ముడిపెట్టిరి. చట్టము చేయింప జూచు పనిని మన్యసీమ చట్టములేకయే యేడు పర్యాయములు చేసి చూపినది.

కావున మా సోదరీమణులకు మనవి యొక్కటి. మీ యిల్లు ఏ నియోజకవర్గములోనిది? మీ ప్రతినిధి యెవరు? మీ వీధి వోటర్ల పట్టికలో మీ పేరు, మీ కోడలి పేరు, మీ యింట పనిచేయు నామె పేరు కలవా? వంట ముగిసిన పిదప నొక్క గడియ కూర్చుండి ఈ మూడు ప్రశ్నలకు సమాధానమును తెలిసికొనుడు. సరిహద్దులు మారినవని విన్నపుడు మరల తెలిసికొనుడు. సంతకు తట్టనెత్తుకొని నడచిన కొండస్త్రీ తన వోటును మఱువలేదు. మెట్టుదిగినంతనే బాట గల మనము మఱువవచ్చునా?