వార్డు ఉద్యోగానికి ఏ పరీక్ష?

ఆసుపత్రిలో రోగిని స్ట్రెచర్ మీదికి మార్చేది, పడక దుప్పట్లు తీసేది, థియేటర్ కడిగేది, రక్త నమూనాలు ల్యాబ్‌కి చేర్చేది, వ్యర్థాలను సంచుల్లో కట్టి కిందికి దించేది సహాయక సిబ్బంది. ప్రభుత్వాసుపత్రుల్లో వారిని ఎంఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓ అంటారు. ప్రైవేటులో వార్డు బాయ్, ఆయా, హౌస్‌కీపింగ్ అంటారు. వీరిలో ఒకరు చేతులు కడుక్కోకపోతే ఇన్ఫెక్షన్ ఒక పడక నుంచి మరో పడకకు పాకుతుంది. అందుచేత పనిలో పెట్టుకునే ముందు ఏదో ఒక వడపోత కావాలనుకోవడం సబబే. ఏ వడపోత అన్న దగ్గరే చాలా పొరపాట్లు జరుగుతాయి.

పరీక్ష ఉద్యోగానికి తగినదా కాదా తేల్చడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు సహసంబంధ గుణకాన్ని వాడతారు. పరీక్షలో వచ్చిన మార్కులకూ ఆ తర్వాత ఉద్యోగంలో కనబడిన పనితీరుకూ ఎంత పొంతన ఉందో అది చెబుతుంది. 0 అంటే పొంతనే లేదు, 1 అంటే పూర్తిగా ఉంది. అమెరికాలో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 85 ఏళ్ల పరిశోధనలను కూడగట్టి 1998లో ప్రచురించిన లెక్కల్లో, అసలు పనిలోంచే ఒక ముక్క చేయించి చూసే పద్ధతికి 0.54, సాధారణ బుద్ధి పరీక్షకు 0.51, చేతిరాత చూసి గుణం చెప్పే పద్ధతికి 0.02 వచ్చాయి. 2022లో పాల్ సాకెట్ బృందం ఆ లెక్కలను సరిదిద్దితే బుద్ధి పరీక్ష 0.31కి, పని నమూనా 0.33కి దిగాయి. ముందే రాసుకున్న ప్రశ్నలను అందరినీ ఒకేలా అడిగి, ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ 0.42తో ముందు వరుసలో నిలిచింది. ఎన్నేళ్ల అనుభవం ఉందన్న లెక్కకు దక్కింది 0.07 మాత్రమే. దరఖాస్తులో అందరూ మొదట చూసేది మాత్రం అదే.

పని సంక్లిష్టత తగ్గేకొద్దీ బుద్ధి పరీక్ష విలువ కూడా తగ్గుతుందని హంటర్ చూపించాడు. అత్యంత సంక్లిష్టమైన ఉద్యోగాల్లో 0.58 ఉన్నది, ప్రత్యేక శిక్షణ అక్కర్లేని పనుల దగ్గరికి వచ్చేసరికి 0.23కి పడిపోయింది. అంటే ఆయా ఉద్యోగానికి శాతాలు, శ్రేణులు, పర్యాయపదాలతో రాత పరీక్ష పెడితే తేలేది ప్రధానంగా ఆమె ఎంతవరకు చదువుకుందన్నదే. రోగి పేరు, వార్డు నంబరు, మందు సీసా మీది హెచ్చరిక చదవగలగాలి, నిజమే. దానికి అవే కాగితాలు చేతికిచ్చి చదివిస్తే సరిపోతుంది.

ఇలాంటి పరీక్షల వల్ల జరిగే అన్యాయం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నార్త్ కరోలినాలోని డ్యూక్ పవర్ కంపెనీ డాన్ రివర్ విద్యుత్కేంద్రంలో నల్లజాతి కార్మికులను ఊడ్చే, మోసే విభాగానికే పరిమితం చేసింది. 1965లో పౌరహక్కుల చట్టం అమల్లోకి రాగానే మిగతా విభాగాలకు హైస్కూలు పట్టాతో పాటు వండర్లిక్ బుద్ధి పరీక్ష, బెన్నెట్ యాంత్రిక పరీక్ష కూడా అడగడం మొదలుపెట్టింది. పట్టా లేకుండానే అంతకుముందు చేరినవారు అవే పనులు చక్కగా చేస్తూ ఉన్నారు. పరీక్షకూ పనికీ సంబంధం చూపలేకపోతే, అది ఒక వర్గాన్ని వెలివేస్తుంటే, ఉద్దేశం ఏదైనా చెల్లదని 1971లో కోర్టు ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది.

దొంగతనం చేసేవారిని, గొడవపడేవారిని ముందే పసిగడతామనే నిజాయితీ ప్రశ్నావళులది మరో చిక్కు. ఒక ఊహాలెక్క వేసి చూడాలి. 1000 మంది దరఖాస్తుదారుల్లో 50 మంది ఇబ్బంది పెట్టేవారనుకుందాం. పరీక్ష ఇటు, అటు కూడా 80 శాతం సరిగ్గా చెబుతుందనుకుందాం. అది 50లో 40 మందిని పట్టుకుంటుంది. మిగతా 950 మంది మంచివాళ్లలో 190 మందిని కూడా తప్పుగా పక్కన పెడుతుంది. తిరస్కరించిన 230 మందిలో నిజంగా తగనివారు 40 మందే. తక్కిన 190 మందికి ఏ తప్పూ చేయకుండానే ఉపాధి పోతుంది. ఎందుకు పోయిందో కూడా వారికి ఎవరూ చెప్పరు.

బలం పరీక్ష పైకి న్యాయంగా కనిపిస్తుంది. అయోవా రాష్ట్రం ఫోర్ట్ మాడిసన్‌లోని డయల్ సంస్థ మాంస కర్మాగారంలో 2000లో బరువులెత్తే పరీక్ష పెట్టారు. అంతకుముందు కొత్తగా చేరేవారిలో 46 శాతం ఉన్న మహిళలు 15 శాతానికి పడిపోయారు. పరీక్ష వల్ల గాయాలు తగ్గాయని సంస్థ వాదించినా, ఆ తగ్గుదల పరీక్షకు ముందే మొదలైందని, పైగా పరీక్ష అసలు పనికంటే కష్టంగా ఉందని తేలడంతో 2006లో అప్పీలు కోర్టు సంస్థకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. నడుము ఎక్స్‌రే తీసి ఎవరికి నొప్పి వస్తుందో చెప్పే అలవాటు కూడా ఒకప్పుడు ఉండేది. అది రాబోయే నొప్పిని పసిగట్టలేదని తెలిశాక వదిలేశారు.

రోగుల విషయానికొస్తే, అనుకూల పరిస్థితుల్లో కూడా ఒకరు చేతులతో మోయదగిన భారం 16 కిలోలు మించరాదని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్‌కు చెందిన థామస్ వాటర్స్ 2007లో లెక్కగట్టాడు. అరవై కిలోల రోగిని ఎత్తడానికి ఎంత దృఢమైన మనిషైనా సరిపోడు. కావలసింది జారుడు షీటు, లిఫ్టింగ్ యంత్రం, ఇంకో రెండు చేతులు. వాటికి డబ్బు పెట్టకుండా కండలు తిరిగినవారిని వెతకడం సిబ్బంది నడుములతో ఆడుకోవడమే.

ఈ ఉద్యోగాలకు నిజంగా అతికేది పని నమూనా పరీక్షే. అయితే చేరకముందే పని వచ్చి ఉండాలంటే కొత్తవారికి అన్యాయం. కాబట్టి ముందు ఒకసారి చేసి చూపి, ఆ తర్వాత చేయించాలి. పడక నుంచి స్ట్రెచర్‌కి మార్చడం తీసుకుంటే, అభ్యర్థి ముందుగా రెండింటి బ్రేకులు వేశాడా, ఎత్తు సమానం చేశాడా, సెలైన్ గొట్టం, యూరిన్ బ్యాగు చిక్కుకోకుండా చూశాడా, రోగి పాత్రలో పడుకున్న మనిషికి ఏం చేయబోతున్నాడో చెప్పాడా అని సీనియర్ నర్సు కాగితం మీద గుర్తులు పెడుతుంది. చెత్త వేరుచేయడమూ ఇంతే. వాడిన దూది, సెలైన్ గొట్టం, సిరంజి సూది, గాజు సీసా ముందు పెడతారు. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాల్లో వరుసగా అవి పడాలి. రంగులు పోల్చలేనివారు ఎవరో ఇక్కడే తెలుస్తుంది. రంగుల చూపును పరీక్షించే 1917 నాటి ఇషిహారా చుక్కల పటంలో తప్పినవారిలో చాలామంది ఈ నాలుగు డబ్బాలను తేలిగ్గానే గుర్తుపడతారు.

ఇంటర్వ్యూలో కూడా పనిలోంచే ప్రశ్న రావాలి: “రాత్రి డ్యూటీలో రోగిని ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నారు. పక్క వార్డులో ఎవరో పడ్డట్టు కేక వినబడింది. ఏం చేస్తారు?” స్ట్రెచర్ మీది మనిషిని ఒంటరిగా వదలకుండా నర్సును పిలుస్తానన్నవారికి మార్కు ఎంతో ముందే రాసి ఉండాలి.

వైద్య పరీక్షల ఉద్దేశం వేరు. వాటితో సిబ్బందిని కాపాడాలి, గేటు దగ్గర ఆపకూడదు. హెపటైటిస్-బి టీకా వేసుకోనివారికి ఆ వ్యాధి ఉన్న రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే వైరస్ సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు వేసి, ఒకటి రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీలు చూస్తే ఆ ముప్పు దాదాపు పోతుంది. టీబీ లక్షణాలు కనిపిస్తే ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్ష, చికిత్స. అంటించే దశ దాటాక మళ్లీ డ్యూటీ. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 ప్రకారం వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ చేరేటప్పుడు, ఆపై ఏటా ఆరోగ్య పరీక్ష, శిక్షణ ఇవ్వాలి. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. ఆ బాధ్యత ఆసుపత్రిని నడిపేవారిదే. జీతం అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ చేతుల మీదుగా వస్తున్నా అది మారదు.