ఫ్యామిలీ డాక్టరు కూడా స్పెషలిస్టే

మా అమ్మకు షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. బాలానగర్‌లో మా ఇంటి గోడకు వేలాడే ప్లాస్టిక్ కవరులో మూడు చోట్ల రాయించుకున్న మూడు మందుల చీటీలు ఉండేవి. నొప్పుల గోళీలు రోజూ మింగితే బీపీ పెరుగుతుందనీ, మూత్రపిండాలకు ముప్పనీ ఏడాది దాకా మాకెవరూ చెప్పలేదు. ఎవరి చీటీ వారు చూశారు. చివరికి బస్తీ దవాఖానాలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ మూడు చీటీలనూ బల్లమీద పక్కపక్కన పెట్టి, ఒక గోళీని పెన్నుతో కొట్టేసింది.

ఆమె చేసిన పనికి వైద్యశాస్త్రంలో ఒక ప్రత్యేక విభాగమే ఉంది. దాని పేరు ఫ్యామిలీ మెడిసిన్. నేను డాక్టరును కాను, ఎమ్.ఎస్సీ. విద్యార్థిని. అయితే మన హాస్టల్లో నా గదిలోనే ఉండి ఎమ్.బి.బి.ఎస్. చేసిన మిత్రుడు ఈ పీజీకి దరఖాస్తు పెడుతుంటే నెల రోజులు వాడి కాగితాల వెంట నేనూ తిరిగాను. అప్పుడు తెలుసుకున్నవి మెడిసిన్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

పీజీ సీటు రానివాడే ఫ్యామిలీ డాక్టరవుతాడని మనలో చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. ఈ స్పెషలిస్టులు దేశానికి కావాలని 2002 నాటి జాతీయ ఆరోగ్య విధానమే చెప్పింది. ఈ పీజీ కోర్సులను ప్రోత్సహించాలని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలోనూ ఉంది. బ్రిటన్‌లో జనరల్ ప్రాక్టీషనరు కావాలంటే సాధారణంగా మూడేళ్ల ప్రత్యేక శిక్షణ పొందాలి. మన దగ్గర ఎమ్.బి.బి.ఎస్.తోనే క్లినిక్ పెట్టుకోవచ్చు కనుక ఆ శిక్షణ విలువ మనకు కనబడదు.

మార్గాలు మూడు. డి.ఎన్.బి. ఫ్యామిలీ మెడిసిన్ మూడేళ్లు, జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డిప్లొమా రెండేళ్లు. ఎమ్.డి. ఫ్యామిలీ మెడిసిన్ మూడేళ్లు, కానీ అది ఉన్న కళాశాలలు బహు తక్కువ. కేరళలోని కాలికట్ ప్రభుత్వ వైద్య కళాశాల ఇందులో ముందు నడిచింది. ఇక్కడ ఒక జాగ్రత్త. కమ్యూనిటీ మెడిసిన్ వేరు, ఇది వేరు. అది ఊరి ఆరోగ్యాన్ని లెక్కగట్టి చూస్తుంది. ఇది ఎదుట కుర్చీలో కూర్చున్న మనిషికి, అతని ఇంటివాళ్లకు వైద్యం చేస్తుంది. మా మిత్రుడే మొదట రెండూ ఒకటేననుకున్నాడు!

ఈ కోర్సుకు విడిగా పరీక్ష లేదు. అందరితోపాటు నీట్-పీజీ రాయాలి. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. 2024 నుంచి పేపరును 40 ప్రశ్నల చొప్పున ఐదు భాగాలు చేసి, ఒక్కో భాగానికి 42 నిమిషాలు పెట్టారు. ఆ సమయం అయిపోతే వెనక్కు వెళ్లలేము. కష్టమైనవి చివర్లో చూద్దామనే మన పాత అలవాటు ఇక్కడ చెల్లదు కాబట్టి గడియారం పెట్టుకుని మాదిరి పరీక్షలు రాయాలి.

నా దృష్టిలో అసలు తయారీ మాత్రం ఇంటర్న్‌షిప్‌లోనే. ఆ ఏడాదిని గదిలో పుస్తకాలతో గడిపి, డ్యూటీ తప్పించుకునేవారున్నారు. ఫ్యామిలీ మెడిసిన్ కావాలనుకునేవారికి అది పెద్ద నష్టం. జ్వరం, గర్భిణి పరీక్ష, పిల్లల టీకాలు, షుగరు రోగి పాదాలు, నిద్ర పట్టని మనిషి చెప్పుకునే గోడు, రేపు వీళ్లు చూడవలసినవి ఇవే. మా మిత్రుడు రోజుకు ఒక రోగి గురించి నోటుబుక్కులో అరపేజీ రాసేవాడు. పరీక్షలో రోగి కథ చెప్పి అడిగే ప్రశ్నలకూ అదే ఆదుకుంది. పైగా సెలవులు ఎక్కువై ఇంటర్న్‌షిప్ పొడిగిస్తే గడువు దాటిపోతుంది. 2025 పరీక్షకు ఆ గడువు జులై 31. ఒక్కరోజు తేడా వచ్చినా ఏడాది పోతుంది.

ఇక కాగితాలు. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, కుల ధృవీకరణ పత్రంలో వెనుక. మా మిత్రుడు దాన్ని సరిచేయించడానికి ఒక కార్యాలయం చుట్టూ పదకొండు సార్లు తిరిగాడు. మీరు ఈ రోజే రెండూ పక్కన పెట్టి చూసుకోండి. బి.సి. విద్యార్థులకు కేంద్ర కౌన్సెలింగులో కేంద్ర నమూనాలో ఉన్న ఓబీసీ పత్రం కావాలి, రాష్ట్రానిది సరిపోదు. డిపాజిట్ డబ్బు కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. మొదటి రౌండులో వచ్చిన సీటు వద్దనుకున్నా నష్టం లేదు. రెండో రౌండులో సీటు వచ్చి వదిలేస్తే డిపాజిట్ పోతుంది. డి.ఎన్.బి.కి ఏటా ఫీజు లక్ష దాటుతుంది. నెలనెలా స్టైపెండ్ వస్తుంది కానీ మొదటి ఫీజు చేరేనాటికే కట్టాలి. ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

మధ్యలో ఇంటర్ తమ్ముళ్లకు ఒక మాట. మీ నాన్న మా నాన్నలా షెడ్డులో పనిచేస్తూ ఈ.ఎస్.ఐ. కార్డు కలిగి ఉంటే, సనత్‌నగర్ ఈ.ఎస్.ఐ. వైద్య కళాశాలలాంటి చోట్ల బీమా కార్మికుల పిల్లలకు ఎమ్.బి.బి.ఎస్. సీట్లు విడిగా ఉంటాయి. వాటి నిబంధనలు ఇప్పుడే కనుక్కోండి.

వీటన్నిటికన్నా కష్టమైంది ఇంట్లో ఒప్పించడం. "గుండె డాక్టరువి అవుతావనుకున్నాం గదరా" అన్నాడు మిత్రుడి తండ్రి. ఆయన భవన నిర్మాణ కూలీ. కొడుకు పేరు వెనక పెద్ద మాట ఉండాలని ఆశపడితే తప్పు పట్టలేం. మిత్రుడు వాదించలేదు. "నాయినా, నీ నడుము నొప్పికి, అమ్మ దమ్ముకు, చెల్లె రక్తం తక్కువకు ఎన్ని దవాఖానాలు తిరిగినం?" అని అడిగాడు. ఆయన వేళ్లమీద లెక్కపెట్టి ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడని చెప్పలేను. ఆప్షన్లు పెట్టే రాత్రి మాత్రం పక్కనే కూర్చున్నాడు.

సీట్ల జాబితా ఏటా మారుతుంది కనుక పాతదాన్ని నమ్మవద్దు. ఏయే కాగితాలు కావాలో మిత్రుడు రాసుకున్న పట్టిక జిరాక్స్ నా దగ్గరుంది. వార్షికోత్సవం రోజు తెస్తాను, కావలసినవారు అడిగి తీసుకోండి.