చక్రముల పలక నేర్పిన పాఠము

"కలసి పనిచేయవలెను" అను మాట పిల్లలకు చెప్పని తల్లి లేదు, చెప్పని గురువు లేడు. కాని కలసి పనిచేయుట యనగా నేమి? అందరును ఒకే పని చేయుటయా? ఒకరు చెప్పినట్లు తక్కినవారు వినుటయా? ఇట్లు నిదానించి యోచించువారు అరుదు. ఇటీవలి వరకు మేమును యోచించినవారము కాము. మావారు పనిచేయు పాఠశాలలోని తొమ్మిదవ తరగతి పిల్లలు ఐదుగురు చేరి ఒక చిన్న డాక్యుమెంటరీ చిత్రమును తీసిరి. దాని తగవులును సంతోషములును చాలవరకు మా వసారాలోనే జరుగుటచే మాకు కొంత తెలిసివచ్చినది. ఆ సంగతిని సోదరీమణులతో ముచ్చటింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా శ్రీరాంపూరు సింగరేణి బొగ్గుగనుల యూరు. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, ఆ సంవత్సరమున క్రొత్తగా నేర్పడిన మంచిర్యాల జిల్లాలో చేరినది. ఇచట ఇల్లాండ్రకు కాలము గడియారముతో గాక గని షిఫ్టులతో నడచును. కార్మికుల క్వార్టర్ల నడుమనున్న సిమెంటు బాటపై ఒక గని కార్మికుని కుమారుడు స్కేటుబోర్డు నేర్చుకొనుచుండెను. పిల్లలు తమ చిత్రమునకు ఆ బాలునే విషయముగా నెన్నుకొనిరి.

ఈ ఆట నెఱుగని సోదరీమణుల కొఱకు రెండు మాటలు. పలుచని చెక్కపొరలను, సామాన్యముగా ఏడింటిని, ఒకదానిపై నొకటి అంటించి చేసిన పలకకు క్రింద రెండు ఇరుసులును నాలుగు చక్రములును ఉండును. పాదములను పలకకు కట్టియుంచునది ఏదియు లేదు. దేహమును తూచి నిలుపుకొనుటయే విద్య. 1950వ దశకమున కాలిఫోర్నియా తీరమున అలలపై పలకలతో ఆడువారు అలలు లేని దినములలో వీధులయందు ఆడుటచే ఇది వ్యాపించినదందురు. 1970వ దశకమున పాలియురెథేను చక్రములు వచ్చిన పిదప పలక బాటను గట్టిగా పట్టి నడువసాగెను. టోక్యో ఒలింపిక్సులో, 2021లో, ఇది మొదటిసారి పోటీగా చేరినది. స్త్రీల వీధి పోటీలో స్వర్ణము పొందిన జపాను బాలిక మొమిజి నిషియాకును, రజతము పొందిన బ్రెజిలు బాలిక రయిసా లీల్‌కును అప్పటికి 13 ఏండ్లే. చక్రములను కాళ్లకే తొడుగుకొను రోలర్ స్కేటింగు వేఱు. అందు మన హైదరాబాదు వాడైన అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడలలో కాంస్యపతకములు గెలుచుకొనెను.

పిల్లలకు ఈ యూహ పుట్టుటకు కారణము మావారు తరగతిలో చెప్పిన రెండు చిత్రముల ముచ్చట. 2007లో కాబూలు నగరమున ఆలివర్ పెర్కోవిచ్ ఆరంభించిన స్కేటిస్తాన్ అను సంస్థ బాలికలకు చదువును ఈ ఆటను కలిపి నేర్పెను. వారిని గూర్చి కారొల్ డైసింగర్ అను నామె తీసిన చిత్రము 2019లో వెలువడి, 2020లో లఘు డాక్యుమెంటరీలకిచ్చు ఆస్కారు బహుమతిని పొందినది. అదే యేట బ్రిటిషు లఘుచిత్రములకిచ్చు బాఫ్టా బహుమతియు దానికే దక్కినది. ఆ పోటీలో నిలిచిన వానిలో మన పొరుగున మహాబలిపురములోని బెస్తవారి బాలికను గూర్చి సాషా రెయిన్‌బో తీసిన "కమలి" యను చిత్రమును ఒకటి. రెండింటను ఆడునది బాలికయే. ఇది వినిన మన పిల్లలలోని ఇద్దఱు బాలికలకు ఉత్సాహము మిక్కుటమయ్యెను.

మొదటి సాయంకాలమే తగవు వచ్చెను. చిత్రము తీయుటకున్నది మంచి సెల్‌ఫోను ఒక్కటి, తీయగోరువారు ఐదుగురు. న్యాయముగా నుండునని తలా పది నిమిషములు తీసిరి. దీపాలవేళ మా వసారాలో కూర్చుండి చూచుకొనగా బొమ్మ యున్నది గాని మాట లేదు. బాలుడు చెప్పిన దంతయు గాలిహోరులోను, లారీల హారనులోను కలిసిపోయినది. ఐదుగురును చూచిరి; వినినవారు ఒక్కరును లేరు.

పోతన భాగవతములోని క్షీరసాగరమథనము మాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. వాసుకి తోకను పట్టుట తమకు తగదని దానవులు పట్టుపట్టిరి. సరేయని దేవతలు తోకవైపునకు పోయిరి. ఎవరు ఏ కొస పట్టవలెనను తగవు తీఱినది గాని కొండకు క్రింద ఆధారము లేదు, అది మునిగిపోయెను. ఎవరికిని కనబడక నీటి అడుగున వీపునొగ్గిన కూర్మము వలననే ఆ పని సాగినది. పిల్లలకు ఈ కథ చెప్పగా, వారిలో మాట తక్కువైన బాలిక, "శబ్దం సంగతి నేను చూసుకుంట అమ్మా" అనెను.

మఱునాటినుండి పనులు విడివడినవి. ఒకరు కెమెరా, ఒకరు ప్రశ్నలు, ఒకరు ఎడిటింగు, ఒకరు బాటపై వచ్చు బండ్లను కనిపెట్టుట, ఆ బాలిక శబ్దము. ఆమె మఱియొక పాత ఫోనుకు పలుచని నూలుగుడ్డ చుట్టి గాలి తగులకుండ మాటలాడువాని దగ్గఱ పట్టుకొనెడిది. ప్రతిసారి మొదట ఒక చప్పట్లు కొట్టెడిది. ఆ చప్పుడును, చేతులు కలియు బొమ్మను ఒకచోటికి తెచ్చినచో రెండు ఫోనులలోని బొమ్మయు మాటయు సరిపోవునట. ఆడు బాలుని తండ్రి ఇది చూచి, "గనిల కూడ గింతే. కట్టెతోని పైకప్పు తట్టి, చప్పుడు ఇన్నంకనే లోపలికి పోతం. బోలు చప్పుడైతే అడుగు పెట్టం" అనెను. వినువాడొకడు లేనిదే పదుగురికి క్షేమము లేదని ఆయన మాటలకు అర్థము.

ఇంతలో అసలైన చిక్కు వచ్చెను. నాలుగవ నాడు ఆ బాలిక రాలేదు. మేము ఆమె యింటికి పోయి అడుగగా తల్లి, "ఆయన రెండో షిఫ్టుకు పోతడు. చీకటి పడినంక ఆడపిల్లను పంపుడు నాతోని కాదక్కా" అనెను. ఆమె మాటలో తప్పేమియు లేదు. తిరిగి వచ్చి మేము పిల్లలకు ఇచ్చిన సలహా యేమనగా: "దగ్గఱి యింటి బాలిక నెవరినైన చేర్చుకొనుడు." చెప్పుటకు సిగ్గగుచున్నది గాని దాచుట యెందులకు? పని సాగుటయే ముఖ్యమని మాకప్పుడు తోచినది.

ఒక బాలుడు తల యూపెను. రెండవ బాలిక మాత్రము, "ఇయ్యాల ఆమెను తీసేస్తిమి. రేపు మా అమ్మ వద్దంటే నన్ను తీసేస్తమా?" అని యడిగెను. ఎవరును మాటలాడలేదు. మావారు కూడ ఊరకుండిరి. కొంతసేపటికి, చిత్రము తీయించుకొనుచున్న బాలుడే, "పొద్దుగాల ఆరుగంటలకు అయితే?" అనెను. ఆ వేళకు వెలుతురు వచ్చును, బాటపై బండ్లు తక్కువ, గాలియు తక్కువ. సాయంకాలముకంటె అన్ని విధముల మేలైన వేళ! అంతవరకు ఎవరికి తోచలేదేమనగా, సాయంకాలము తమకు వీలు గనుక అందరికిని వీలని తలచిరి.

కాని ఆ వేళ ఉచితముగా రాలేదు. కెమెరా పట్టు బాలుడు తెల్లవాఱి పాలు తెచ్చు పనిని తమ్మునికి అప్పగించి, బదులుగా వాని సాయంకాలపు పని నెత్తికెత్తుకొనెను. దూరమునుండి సైకిలుపై వచ్చు బాలుడు ఐదింటికే లేవవలసివచ్చెను. మేమును ఆరింటికి ఐదుగురికి టీ కాచితిమి. మఱునాడు ఆ తల్లియే కూతురి వెంట వచ్చి, మోరీగట్టుపై కూర్చుండి అంతయు చూచి, "గిట్లయితే పంపుత" అని వెడలిపోయెను.

ఒకనాడు బాలుడు పలకనుండి జాఱి పడి మోకాలు చీరుకొనెను. కెమెరా బాలుడు తీయుచునే యుండెను. శబ్దపు బాలిక ఫోనును వదలి పరుగెత్తెను. అందుచేత ఆ పాటుకు బొమ్మ యున్నది, శబ్దము లేదు. ఎవరు చేసినది తప్పని మరల తగవు. చివరకు, పడినది వాడు గనుక నిర్ణయమును వానిదే యని అందరును ఒప్పిరి. వాడు చూచి నవ్వి, "ఉండనీయండి. పడకుండ ఎవరు నేర్చుకుంటరు?" అనెను. చిత్రములో ఆ నాలుగు క్షణములు నిశ్శబ్దముగానే యున్నవి. మాకు అందఱికంటె ఎక్కువగా నచ్చిన భాగము అదే.

పదకొండు ఉదయముల శ్రమతో ఎనిమిది నిమిషముల చిత్రము పూర్తియై పాఠశాలలో చూపబడెను. చివర పేర్లు ఏ వరుసలో వేయవలెనని ప్రశ్న వచ్చినప్పుడు తగవు లేదు, అక్షరక్రమమున వేసిరి. "శబ్దము" అను మాట ప్రక్కన కూతురి పేరు తెరపై కనబడగా, వెనుక వరుసలోని ఆ తల్లి ప్రక్కవారిని తట్టి చూపుట మేము చూచితిమి.

సోదరీమణులారా! ఐకమత్యమన్నది అందరును ఒకే త్రాటిని లాగుటలో లేదు. మనలో కట్టుబాట్లు ఎవరికి ఎక్కువగా నున్నవో, వారు కూడ చేరుటకు వీలైన వేళను వెదకుటలో నున్నది. అట్లు వెదకినప్పుడు తఱచుగా పనికే మేలగును. మన యిండ్లలో బాలికకు ఒక పని వీలుపడనప్పుడు "మానుకొమ్ము" అనుట సులభము. మేమును అట్లే అంటిమి. ఇకమీదట ఆ మాట నోటికి వచ్చినప్పుడెల్ల, "వేళ మార్చుటకు వీలున్నదా?" అని మొదట అడుగవలెనని మేము నిశ్చయించుకొంటిమి. మీరును అడిగి చూడుడు.