ఏడాది ఫైనాన్స్ మాస్టర్స్: క్లాసుల కంటే ముందే మొదలయ్యే ఉద్యోగాల వేట

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే ఇండియా నుంచి మా ఇంటికి ఫోన్లు పెరుగుతాయి. "అబ్బాయికి ఫైనాన్స్ మాస్టర్స్‌లో సీటొచ్చింది, ఒక్క ఏడాదేనట, చేర్పించమంటావా?" అని. మా అక్క కొడుకు నిరుడు ఇలాంటి కోర్సే పూర్తి చేశాడు. శని, ఆదివారాలు న్యూజెర్సీలో మా ఇంట్లోనే ఉండేవాడు. నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. అయినా వాడి అప్లికేషన్లు, ఇంటర్వ్యూలు, వీసా కాగితాలు అన్నీ మా డైనింగ్ టేబుల్ మీదే నడిచాయి కాబట్టి, ఫోన్లో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఏడాది కోర్సులో ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ దాంతోపాటు ఒక వేసవి కూడా పోతుంది. రెండేళ్ల కోర్సయితే మధ్య వేసవిలో ఇంటర్న్‌షిప్ చేస్తారు, పని నచ్చితే ఆ కంపెనీయే ఉద్యోగం ఇస్తుంది. పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు కొత్త అనలిస్టుల్లో ఎక్కువ మందిని ఇలాగే తీసుకుంటాయి. ఆ ఇంటర్న్‌షిప్‌లకు ఎంపిక ఏడాది ముందే, ఒక్కోసారి ఇంకా ముందే అయిపోతుంది. ఇక్కడి పిల్లలు డిగ్రీ రెండో ఏడాదిలోనే వాటి వెంట పడతారు. ఆగస్టులో దిగి మేలో పట్టా పుచ్చుకునే మన పిల్లలకు ఆ మధ్య వేసవే లేదు. పైగా ఎఫ్-1 వీసా మీద క్యాంపస్ బయట పని చేయాలంటే సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి.

ఎంఐటీ స్లోన్‌లో ఇదే కోర్సుకు 12 నెలలు, 18 నెలలు అని రెండు దారులున్నాయి. 18 నెలల దారిలో వేసవి ఇంటర్న్‌షిప్‌కు చోటుంది. మీకు వచ్చిన కాలేజీలోనూ అలాంటి వీలుందేమో అడగండి. ఉంటే, డబ్బు సర్దగలిగితే, పొడుగు దారే మేలని నా అభిప్రాయం.

లేకపోతే వేట విమానం ఎక్కకముందే మొదలుకావాలి. మరుసటి ఏడాది చేరే ఉద్యోగాలకు పెద్ద కంపెనీలు చాలావరకు ఆగస్టు నుంచి అక్టోబరు లోపే దరఖాస్తులు తీసుకుంటాయి. పిల్లలేమో అప్పుడు అపార్ట్‌మెంటు వెతుక్కుంటూ, కుక్కర్ కొనుక్కుంటూ ఉంటారు. రెజ్యూమె ఒక పేజీకి కుదించడం, సీనియర్లకు మెసేజీ పెట్టి పావుగంట ఫోన్ టైము అడగడం జూన్, జులైలోనే అయిపోవాలి. ఈ రెండోదానికి మావాడు మహా మొహమాటపడ్డాడు. "ముక్కూ మొహం తెలియని వాళ్లని ఎలా అడుగుతాను పిన్నీ?" అనేవాడు. ఇక్కడ అది తప్పుకాదు, అందరూ చేసేదే. చివరికి వాడికి ఉద్యోగం దొరికింది కూడా అక్టోబరులో అలా మాట్లాడిన ఒక సీనియర్ వల్లే, అదీ ఏప్రిల్‌లో. వాల్‌స్ట్రీట్ కాదు, ఒక చిన్న బ్యాంకులో క్రెడిట్ రిస్క్ పని. బ్యాంకుల రిస్క్ విభాగాలు, వాల్యుయేషన్ సంస్థలు, మామూలు కంపెనీల ఫైనాన్స్ శాఖలు కూడా మంచి చోట్లే. ఇంట్లోవాళ్లు పెద్ద బ్యాంకు పేరే జపిస్తే పిల్లలు వీటివైపు చూడరు.

ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటి నాకు భలే నచ్చింది. తరుగుదల 10 డాలర్లు పెరిగితే మూడు ఆర్థిక పత్రాల్లో ఏం మారుతుంది? పన్ను 25 శాతం అనుకుందాం. పన్నుకు ముందు లాభం 10 తగ్గుతుంది, పన్ను 2.50 తగ్గుతుంది, నికర లాభం 7.50 తగ్గుతుంది. తరుగుదల చేతిలోంచి పోయే డబ్బు కాదు కాబట్టి క్యాష్ ఫ్లోలో ఆ 10 తిరిగి కలుపుతారు. అంటే నగదు 2.50 పెరుగుతుంది. బ్యాలెన్స్ షీటులో యంత్రాల విలువ 10 తగ్గి, నగదు 2.50 పెరిగి, ఆస్తులు మొత్తం 7.50 తగ్గాయి. అవతల నిల్వ లాభాలూ 7.50 తగ్గాయి. కెమిస్ట్రీలో సమీకరణం తూచినట్టే. ఇది తడుముకోకుండా చెప్పగలగాలి.

ఇక వీసా. డిగ్రీ తర్వాత ఓపీటీ 12 నెలలు. కోర్సు స్టెమ్ జాబితాలో ఉండి, కంపెనీ ఈ-వెరిఫైలో ఉంటే మరో 24 నెలలు. కోర్సు పేరు చూసి మోసపోకండి, ఐ-20 మీద ఉండే సిప్ కోడ్ చూడండి. మామూలు ఫైనాన్స్ కోడ్ 52.0801 స్టెమ్ కాదు. ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ 27.0305 స్టెమ్. ఫైనాన్షియల్ అనలిటిక్స్‌ను 2022 జనవరిలో జాబితాలో చేర్చారు. 36 నెలలుంటే హెచ్-1బి లాటరీలో మూడు మార్చి నెలలు చూడొచ్చు, 12 నెలలైతే ఒకటి, మహా అయితే రెండు. మాస్టర్స్ స్థాయికి ఓపీటీ ఒక్కసారే కాబట్టి "ఇంకో ఎమ్మెస్ చేస్తాలే" అన్న ధైర్యం పనికిరాదు. దరఖాస్తుల్లో "ఇప్పుడు గానీ, ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా?" అని అడుగుతారు. నిజమే రాయాలి. దానివల్ల చాలా తలుపులు అక్కడే మూసుకుంటాయి, అందుకే ఎక్కువ చోట్ల ప్రయత్నించాలి.

కాలేజీ బ్రోషర్‌లో "95 శాతం మందికి ఉద్యోగాలు" అని ఉంటే హారం అడగండి. మొత్తం ఎంతమందిలో? వివరాలిచ్చిన వాళ్లలోనా? అందులో విదేశీ విద్యార్థులెందరు, అమెరికాలోనే చేరినవాళ్లెందరు? ఈమెయిల్‌లో అడిగితే కెరీర్ ఆఫీసు జవాబిస్తుంది. ఇవ్వకపోతే అదీ ఒక జవాబే. అప్పు చేసి పంపేవాళ్లు బ్యాంకును కూడా అడగాలి. వాయిదాల గడువు కోర్సు ముగింపు నుంచి లెక్కిస్తే, ఏడాది కోర్సుకు అదీ తొందరగానే వస్తుంది.

ఓపీటీకి కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. మొదలయ్యే తేదీ ముగిసిన 60 రోజుల లోపు ఏదైనా ఎంచుకోవచ్చు. ఆ తేదీ నుంచి ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు కాబట్టి, చేతిలో ఆఫర్ లేనివాళ్లు తేదీని కాస్త వెనక్కి జరుపుకుంటారు. మావాడు జూన్ చివర పెట్టుకున్నాడు. ఉద్యోగం జులై మొదటి వారంలో మొదలైంది, ఆ 90లో వాడికి ఖర్చయింది వారం రోజులే.