శిఖరానికి ముందు పాదం

ఢిల్లీలో "పైకెక్కడం" అన్న మాటకు అర్థం వేరు. ఒకరి భుజం మీద కాలు మోపి మరొకరు ఎక్కడం, ఎక్కిన పిదప నిచ్చెనను తన్నివేయడం ఇక్కడ నిత్యమూ కనిపించే విద్యలే. ఈ వారం వాటిని విడిచి, నిజంగా రాతిని ఎక్కడం నేర్చుకొనే వారిని గురించి వ్రాయదలచాను. దక్షిణ ఢిల్లీలో భారత పర్వతారోహణ సంస్థ ప్రాంగణంలో ఇందుకై కట్టిన గోడ ఉన్నది. సెలవు దినాలలో ఇక్కడి యువతీయువకులు పొరుగున హర్యానాలోని ధౌజ్ రాళ్ళకు కూడ వెళుతుంటారు.

కొత్తగా వచ్చినవాడు చేతులను నమ్ముకుంటాడు. అందిన పట్టునల్లా బిగించి, మోచేతులు మడిచి, ఒంటిని పైకి లాగుతాడు. కొద్ది అడుగులు పోయేసరికి ముంజేతులు బిగుసుకొని వేళ్ళు విడిపోతాయి. తాడు ఆదుకొంటుంది గనుక క్షేమంగా దిగివచ్చి, తనకు బలం చాలలేదనుకొంటాడు. శిక్షకులు చెప్పేది మరొకటి. మనిషి బరువును మోయడానికి అలవాటు పడినవి కాళ్ళు. మెట్లెక్కేటప్పుడు ఎవరూ చేతులతో తమను తాము లాగుకొనరు గదా! పాదం ఎక్కడ ఉంచాలో ముందు కంటితో చూచి, బొటనవ్రేలి వైపు అంచును అక్కడ నెమ్మదిగా ఆనించి, ఆనించిన పిదప కదపకుండా దానిమీద లేవడం మొదటి పాఠం. చేతులను వీలైనంతవరకు చాచి ఉంచాలి. మడిచిన చేయి త్వరగా అలసిపోతుంది. ఏటవాలు బండపైన మడమ దించి నిటారుగా నిలవాలి. భయపడినవాడు బండను కౌగిలించుకొంటాడు. పాదం జారేది అప్పుడే.

రెండవ పాఠం ఓర్పు. ఒక సులువైన దారిని ఒకసారి ఎక్కగానే కొత్తవాడి చూపు పక్కనున్న కష్టమైన దారి మీదికి పోతుంది. అదే దారిని పదిసార్లు ఎక్కి, పాదాల చప్పుడు వినబడనంత వరకు సాధన చేసినవాడే ముందుకు పోతాడు. ఎక్కిన దారినే దిగడం కూడ సాధనలో భాగం. శరీరానికీ దాని కాలం అది తీసుకొంటుంది: కండరాల కంటె వేళ్ళలోని స్నాయువులు నిదానంగా గట్టిపడతాయి. బలం వచ్చిందని తొందరపడి సన్నని పట్లకు వ్రేలాడినవారు వేళ్ళు దెబ్బతిని నెలల తరబడి ఇంట కూర్చోవలసి వస్తుంది.

మూడవది పరస్పర విశ్వాసం. ఎక్కేవాడి ముడిని కింద తాడు పట్టి కాచేవాడు చూడాలి. కాచేవాడి పరికరాన్ని ఎక్కేవాడు చూడాలి. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా ఈ తనిఖీని మానరాదు. తనిఖీని అవమానంగా భావించని రంగం రాజధానిలో ఇదొక్కటే కాబోలు!

ఈ పాఠాలు నేర్పడం ప్రభుత్వం పని అని స్వతంత్ర భారతం తొలినాళ్ళలోనే గుర్తించింది. 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీలు ఎవరెస్టును ఎక్కిన మరుసటి ఏడే డార్జిలింగ్‌లో హిమాలయ పర్వతారోహణ సంస్థ వెలిసింది. శిక్షణ బాధ్యత టెన్సింగ్‌కే అప్పగించారు. 1965 మేలో కోహ్లీ నాయకత్వాన తొమ్మిదిమంది భారతీయులు ఎవరెస్టు చేరారు. ఆ ఏడే ఉత్తరకాశీలో నెహ్రూ పేరిట మరొక సంస్థ నెలకొన్నది. 1984లో ఎవరెస్టునెక్కిన తొలి భారత మహిళ బచేంద్రీ పాల్ శిక్షణ పొందినది అక్కడే.

మన తెలుగునేల సాక్ష్యం ఇంకా బలమైనది. 2014 మే 25న, తెలంగాణ రాష్ట్రం అవతరించడానికి ఎనిమిది రోజుల ముందు, నిజామాబాద్ జిల్లా బాలిక మాలావత్ పూర్ణ పదమూడవ ఏట ఎవరెస్టు చేరింది. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారి తొలి అడుగులు పడినది భువనగిరి బండ మీద. డార్జిలింగ్ ఆ తరువాతిది. పేదయింటి బిడ్డకు కావలసినది ఒక బండ, ఒక తాడు, తెలిసిన గురువు అని ఇంతకంటె స్పష్టంగా ఎవరు నిరూపించగలరు?

ఐతే గురువు ఉన్నంత మాత్రాన కొండ కనికరించదు. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ సంస్థ విద్యార్థులు ద్రౌపదీ కా డాండా శిఖరంపై హిమపాతంలో చిక్కుకొన్నారు. శిక్షకులతో కలిపి 29 మంది పోయారు. వారు ప్రాథమిక దశ దాటి ఉన్నత శిక్షణలో ఉన్నవారు. పాదం ఎక్కడ పెట్టాలో నేర్చినంత శ్రద్ధగా, ఏనాడు వెనుదిరగాలో కూడ నేర్చుకోవాలి. ఆ వివేకం అభ్యాసికి ఒక్కనాట రాదు. అంతవరకు అతని ప్రాణం సంస్థ చేతిలో, శిక్షకుని చేతిలో ఉంటుంది. కనుక కొత్తవారి పట్ల ప్రభుత్వ బాధ్యత శిఖరవీరుల పట్ల కంటె ఎక్కువ.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో శిలారోహణకు తొలిసారి చోటు దక్కింది. ఇక పతకాలేవని మన నాయకులు అడుగుతారు. అడగవచ్చు. శిఖరం చేరినవారికి సన్మానాలు, నగదు బహుమతులు ఇవ్వడమూ మంచిదే. కాని తెలంగాణలోను, రాయలసీమలోను ఊరికొక బండ ఉన్న మనం, ఆ బండ కింద తాడు పట్టి నిలిచే శిక్షకుడికి నెలజీతం ఏర్పాటు చేశామా అన్నది ముందు అడుగవలసిన ప్రశ్న. వచ్చే బడ్జెట్ చర్చలో ఏ శాసనసభ్యుడైనా దానిని లేవనెత్తితే ఈ వారపు శ్రమ ఫలించినట్లే.